పిల్లాడికి ఈస్ట్ పొడి

వరద తీశాక మా కోనసీమ లంకల్లో విరేచనాలు మొదలవడం మామూలే. ఈసారి మా చెల్లి కొడుక్కి పట్టుకున్నాయి. డాక్టరుగారు ఓఆర్‌ఎస్, జింక్‌తో పాటు ఒక పొడి ప్యాకెట్ రాశారు. వెనకాల సన్నటి అక్షరాల్లో 'శాకరోమైసిస్ బౌలార్డి' అని ఉంది. అంటే ఈస్ట్, ఒక రకం ఫంగస్. పిల్లాడికి బూజు పట్టిస్తారా అని అమ్మకి ఒకటే టెన్షన్. వాడు తేరుకున్నాడు గానీ, నేను మాత్రం దాని గురించి చదువుతూనే ఉన్నాను.

1920లలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆన్రీ బులార్ ఇండోచైనాలో లిచీ, మాంగోస్టీన్ పళ్ళ నుంచి దీన్ని వేరుచేశారు. బ్యాక్టీరియా కాదు కాబట్టి యాంటీబయాటిక్స్‌కి చావదు.

అయితే ఫంగస్ అన్నీ ఇలా మేలు చేసేవి కావు. ఆరోగ్యంగా ఉన్న చాలామంది పేగుల్లో కాండిడా అల్బికన్స్ అనే ఫంగస్ ఉంటుంది. మామూలప్పుడు దాని జోలికి వెళ్ళక్కర్లేదు. కానీ 2025లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చదివి ఆగిపోయాను. ఎలుకల్లో చూశారు: విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా తన ప్రోటీన్ ఒకటి ప్రయోగించి కాండిడా చేత ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం వదిలిస్తుంది. దాంతో సాల్మొనెల్లా పేగు గోడలోకి ఇంకా బాగా చొరబడుతుంది. పైగా ఒంటి ఎదురుదాడి కూడా మందగిస్తుంది.

అందుకే మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగేయడం చూస్తే నాకు భయం. మంచి బ్యాక్టీరియా పోతే ఆ ఖాళీలో కాండిడా పెరగొచ్చు. ఈస్ట్ పొడి కూడా సొంతంగా కొనకండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకి, పెద్ద సిరలో లైన్ వేసి ఉన్నవాళ్ళకి అది రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది.