మత్తడి మీద బస్తాలు పెడితే చెరువు పెరగదు

పాలంపేట వచ్చినవాళ్లు రామప్ప గుడి చూసి, చెరువు కట్టమీద ఓ ఫోటో దిగి వెళ్లిపోతారు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు దక్కింది. పక్కనున్న చెరువు మాత్రం ఇప్పటికీ పొలాలకు నీళ్లు పారిస్తూనే ఉంది. పెద్దదైనా చిన్నదైనా తెలంగాణ ఊరి చెరువు నడిచేది మూడింటి మీద: కట్ట, పొలాలకు నీళ్లు వదిలే తూము, చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే మత్తడి. మత్తడినే కోస్తాలో కలుజు అంటారు.

ఒకదాని కింద ఒకటిగా ఉండే గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకే. అందుకే మత్తడితో ఆటలు కూడదు. ఇంకో తడికి సరిపోతాయని దానిమీద ఇసుక బస్తాలు పేర్చడం చాలాచోట్ల కనిపించేదే. లెక్క చూడండి. మత్తడి కన్నా కట్ట తల 5 అడుగులు ఎత్తుందనుకుందాం. పెద్దవానకు మత్తడి మీద 3 అడుగుల నీళ్లు పారితే ఇంకా 2 అడుగులు మిగులుతుంది. ఆ 2 అడుగుల మేర బస్తాలు పెడితే నీళ్లు కట్ట తలనే తాకుతాయి. అలలు కొట్టి పైనుంచి పొర్లాయంటే మట్టికట్ట బయటివైపు వాలు కోసుకుపోతుంది, గంటల్లో గండి. ఆ వరదంతా కింది చెరువు మీద పడుతుంది. పైగా శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, దాని అంచున ఉన్న పొలాలు మునిగితే అక్కడి రైతు ఊరుకుంటాడా?

కట్ట కింద ఊట వస్తే ముందు రంగు చూడాలి. తేట నీరైతే అంత భయం లేదు, కనిపెట్టి ఉంటే చాలు. బురదనీరైతే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే. ఎలుక బొక్కో, ఎండ్రకాయ బొరియో, చచ్చిన తుమ్మచెట్టు వేరో దారి ఇచ్చి ఉంటుంది. బయటివైపు బంకమట్టి కొట్టి మూసేయడమే పెద్ద తప్పు, ఆ ఒత్తిడి ఇంకోచోట పొడుచుకొస్తుంది. ఇసుక, దానిమీద కంకర, ఆపైన రాళ్లు వేస్తే నీళ్లు వెళ్తాయి, మట్టి ఆగుతుంది.

పూడిక తీసేటప్పుడు కట్ట మొదట్లో తవ్వకూడదు. నీళ్లు ఇంకకుండా ఆపేది అక్కడ పేరుకున్న ఒండ్రు పొరే. తూము మట్టానికి దిగువన ఎంత లోతు చేసినా ఆ నీళ్లు కాలువ ఎక్కవు, పశువులకూ బావుల ఊటకూ పనికొస్తాయంతే. తీసిన పూడిక మట్టి చల్క నేలకు, అంటే ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర నేలకు, మంచిది. ఎకరాకు 30–40 ట్రాక్టర్లు తోలి, వేసవిలోనే పలుచగా పరచి, తొలకరికి దున్నాలి. కుప్పలుగా వదిలేస్తే అక్కడ నేల బిగిసి నెర్రెలిస్తుంది. నల్లరేగడికి ఇది అక్కర్లేదు, ట్రాక్టరు కిరాయి దండగ.

తూము తెరిచేది, మూసేది నీరటి, అంటే ఊరి చెరువు నీళ్ల కాపరి. కరువేడు ఎవరి మడికి ఎంతసేపన్నది అతనే తేల్చేవాడు, కల్లం దగ్గర ధాన్యంగా మేర పుచ్చుకునేవాడు. ఇప్పుడు చాలా తూములకు ఇనుప షట్టర్లు, తిప్పే మరలు వచ్చాయి. ఏటా వానలకు ముందు గ్రీజు పెట్టి ఓసారి పూర్తిగా ఎత్తి దించాలి. లేకపోతే తుప్పుపట్టి సగంలో ఇరుక్కుంటుంది. గడ్డపారతో ఎత్తబోతే మర వంగుతుంది, ఇక తూము మూసుకోదు. యాసంగికి దాచాల్సిన నీళ్లు వానాకాలంలోనే వాగు పాలు.