పని పేరు పాలసీలో ఉందా?

మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్, ట్రుగనీనా, వెరిబీ ప్రాంతాల్లో మన తెలుగువాళ్ళు ఇప్పుడు చేతిపనుల్లో కూడా బాగానే కనిపిస్తున్నారు. పెయింటింగ్, ఇళ్ళ క్లీనింగ్, టైల్స్, తోటపని, శని ఆదివారాల్లో మార్కెట్లో దోసెల స్టాల్. చదువుకోవడానికి వచ్చి, పార్ట్‌టైమ్‌గా మొదలుపెట్టి, అందులోనే స్థిరపడ్డవాళ్ళు చాలామంది. నేను పెయింటింగ్‌లోకి వచ్చిందీ అలాగే. కొత్తగా ఏబీఎన్ (సొంత వ్యాపారానికి ఇచ్చే నంబర్) తీసుకున్న కుర్రాళ్ళు ఫోన్ చేస్తే అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఎక్కడ చవగ్గా వస్తుంది?"

ధర అడగడంలో తప్పేం లేదు. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ప్రతి డాలరూ లెక్కే. కానీ ఆ తర్వాత రెండో ప్రశ్న రాదు. ఆన్‌లైన్‌లో ఫారం నింపుతారు, సర్టిఫికెట్ ఆఫ్ కరెన్సీ (పాలసీ అమల్లో ఉందని చూపే కాగితం) ఈమెయిల్‌లో రాగానే బిల్డర్‌కు పంపేస్తారు, పని దొరికిందని ఊపిరి పీల్చుకుంటారు. పాలసీలో 'ఆక్యుపేషన్', అంటే చేసే పని, దగ్గర ఏం రాసుందో చూసుకోరు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ముందుగా చదివేది ఆ ఒక్క లైనే.

ఈ ఇన్సూరెన్స్ చేసే పని చెప్పడానికి తేలికే. మన పని వల్ల ఇంటి ఓనర్‌కో, పక్కింటివాళ్ళకో, దారిన పోయేవాళ్ళకో దెబ్బ తగిలినా, వాళ్ళ ఆస్తి పాడైనా, చట్టప్రకారం మనం ఇవ్వాల్సిన పరిహారం అది కడుతుంది. లాయర్ ఖర్చు కూడా చూసుకుంటుంది. 5 మిలియన్లు, 10 మిలియన్లు, 20 మిలియన్ డాలర్లు, ఇలా లిమిట్లు ఉంటాయి. మా విక్టోరియా రాష్ట్రంలో ఒక్క పెయింటింగే చేసుకునేవాడికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి బిల్డర్ గానీ, రియల్ ఎస్టేట్ ఏజెంట్ గానీ మనల్ని నమ్మడానికి అడిగే కాగితం చివరికి ఇదే అవుతుంది. దాంతో మనవాళ్ళు దీన్ని గేటు పాస్ అనుకుంటారు. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది.

ఖమ్మం నుంచి వచ్చిన ఒక తమ్ముడి సంగతి చెప్తాను. క్లీనింగ్ చేసేవాడు, మంచి పనిమంతుడు. ఒక కస్టమర్ "ఫెన్స్‌కి కూడా పెయింట్ వేసి పెడతావా?" అంటే ఒప్పుకుని, స్ప్రే మెషిన్ అద్దెకు తెచ్చాడు. మెల్‌బోర్న్ గాలి సంగతి ఇక్కడ ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, పొద్దున ఆకు కదలదు, మధ్యాహ్నానికి వీలీ బిన్‌లు (చక్రాల చెత్త డబ్బాలు) పడిపోతాయి. ఆ గాలికి పెయింట్ తుంపర ఫెన్స్ దాటి పక్కింటి డ్రైవ్‌వేలో ఉన్న రెండు కార్ల మీద పడింది. దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. బానెట్ మీద అరచేయి పెట్టి తడిమితే మాత్రం ఉప్పుకాగితంలా గరుగ్గా తగులుతుంది. ఒకటి నల్ల కారు, ఎండ పడేసరికి బూడిద చల్లినట్టు సన్నటి చుక్కలు కనిపించాయి. వాటిని కడిగితే పోవు. క్లే బార్‌తో అంగుళం అంగుళం రుద్ది, పాలిష్ పట్టాలి. అద్దాలు, రబ్బరు బీడింగులు, హెడ్‌లైట్లు అన్నీ విడివిడిగా చెయ్యాలి.

వాడు టెన్షన్‌తో నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నాకు ఇన్సూరెన్స్ ఉందిగా, ఏం కాదుగా?" అన్నాడు. పాలసీ షెడ్యూల్, అంటే మన వివరాలు, కవర్ రాసుండే పేజీ, పంపమన్నాను. ఆక్యుపేషన్ దగ్గర 'డొమెస్టిక్ క్లీనింగ్' అని ఉంది. ఇంకెక్కడా పెయింటింగ్ అన్న మాటే లేదు. కంపెనీవాళ్ళు ఇన్‌వాయిస్ అడిగారు, అందులో ఫెన్స్ పెయింటింగ్ అని వాడే రాసుకున్నాడు. క్లెయిమ్ రాలేదు. రెండు కార్ల ఖర్చూ నెలనెలా వాయిదాల్లో కట్టుకున్నాడు. ఇంటికి డబ్బు పంపడం ఆగిపోయిందని వాళ్ళ నాన్నకు ఏం చెప్పుకోవాలో తెలియక నలిగిపోయాడు. నిజాయితీగా పనిచేసే పిల్లాడికి ఆ కష్టం రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పెయింటింగ్ కూడా చేస్తానని ముందే చెప్పి ఉంటే ప్రీమియం కొంత పెరిగేది, అంతే.

పెయింటింగ్ అని రాయించుకున్నవాళ్ళు కూడా ఒకటి చూసుకోవాలి. కొన్ని పాలసీలు తుంపర వల్ల వచ్చే నష్టాన్ని విడిగా మినహాయిస్తాయి. కొన్ని ఇస్తాయి గానీ, దానికి ఎక్సెస్ ఎక్కువ పెడతాయి. ఎక్సెస్ అంటే క్లెయిమ్‌లో మన జేబులోంచి ముందు పెట్టాల్సిన వాటా. స్ప్రే గన్ పట్టుకునేవాడు ప్రొడక్ట్ డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌లో, లేదంటే పాలసీ వర్డింగ్‌లో, ఆ పేరా వెతికి చదవాలి. ఇంగ్లీషు అర్థం కాకపోతే బ్రోకర్‌కు ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. ఫోన్‌లో అన్న మాటకు ఆధారం ఉండదు.

ఆ తమ్ముడు ఇంకో పని చేశాడు. పక్కింటాయన బయటికి రాగానే "సారీ సర్, తప్పు నాదే, మొత్తం ఖర్చు నేనే ఇస్తాను" అన్నాడు. మన పెంపకం అలాంటిది. ఎదుటివాడికి నష్టం జరిగితే ముందు తల వంచుతాం. ఆ గుణం నాకు గౌరవమే. అయితే ఇక్కడి పాలసీల్లో దాదాపు అన్నిటిలోనూ ఒక షరతు ఉంటుంది: కంపెనీ ఒప్పుకోకుండా తప్పు మీద వేసుకోకూడదు, డబ్బు ఇస్తానని మాట ఇవ్వకూడదు. అలాగని మనిషి కింద పడితే చూస్తూ నిలబడమని కాదు. లేపాలి, నీళ్ళివ్వాలి, ట్రిపుల్ జీరోకు (ఎమర్జెన్సీ నంబర్ 000) ఫోన్ చెయ్యాలి, "ఇలా జరిగినందుకు చాలా బాధగా ఉంది" అనొచ్చు. ఫోటోలు తియ్యాలి, ఫోన్ నంబర్లు తీసుకోవాలి, అదే రోజు కంపెనీకి చెప్పాలి. ఎవరు ఎంత కట్టాలన్న మాట మాత్రం వాళ్ళకే వదిలెయ్యాలి.

ఈ కాగితం కోసం ఇక్కడ ఇంత పట్టుబట్టడానికి వెనక ఒక కథ ఉంది. 2001 మార్చిలో హెచ్ఐహెచ్ అనే పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ కూలిపోయింది. లోటు 5.3 బిలియన్ డాలర్ల దాకా ఉండొచ్చని అంచనా వేశారు. ఆ దెబ్బకు పబ్లిక్ లయబిలిటీ ప్రీమియంలు ఆకాశాన్నంటాయి. ఊరి సంతలు, పిల్లల గుర్రపు స్వారీ క్లబ్బులు కవర్ దొరక్క ఇబ్బంది పడ్డాయి. 2002లో జడ్జి డేవిడ్ ఇప్ నాయకత్వంలో కమిటీ వేసి, తర్వాత రాష్ట్రాలన్నీ నష్టపరిహార చట్టాలు మార్చుకున్నాయి. ఈ పనిలో వయసుపైబడిన ఆస్ట్రేలియన్లు ఆ రోజుల గురించి ఇప్పటికీ చెప్తుంటారు.

మన పండగలకూ ఈ కాగితం కావాలి. బతుకమ్మకో, ఉగాదికో కౌన్సిల్ హాల్ బుక్ చేస్తే చాలా కౌన్సిళ్ళు 20 మిలియన్ల కవర్ చూపించమంటాయి. సంఘం పేరు మీద పాలసీ ఉన్నా, లోపల పులిహోర, మిర్చి బజ్జీ స్టాల్ పెట్టే అక్కకు విడిగా ఉండాలి. ఆమెకు ప్రొడక్ట్స్ లయబిలిటీ ముఖ్యం, ఎందుకంటే తిన్నవాళ్ళకు జబ్బు చేస్తే ప్రశ్న ఆ వంట మీదికి వస్తుంది. మామూలుగా రెండూ కలిపే అమ్ముతారు, అయినా షెడ్యూల్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

పాత ఇళ్ళ విషయంలో నేను మరీ పట్టుదలగా ఉంటాను. 1990కి ముందు కట్టిన ఇళ్ళలో చూరు కింద ఉండే పలుచటి సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. దేశమంతటా దాన్ని పూర్తిగా నిషేధించింది 2003 డిసెంబర్ 31న. పెయింట్ వేసే ముందు ఆ రేకును సాండర్‌తో గీకితే దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకీ పోతుంది, పక్కింటి పిల్లలు ఆడుకునే చోటుకీ పోతుంది. పబ్లిక్ లయబిలిటీ పాలసీలు ఆస్‌బెస్టాస్‌ను దాదాపు ఎప్పుడూ మినహాయిస్తాయి. కాబట్టి ఇల్లు ఎప్పుడు కట్టారో అడగకుండా నేను కొటేషన్ ఇవ్వను. అనుమానం ఉంటే టెస్ట్ చేయించమంటాను. దానివల్ల కొన్ని పనులు చేజారతాయి, పోనీలెమ్మనుకుంటాను.

కుర్రాళ్ళు పొరబడే ఇంకో విషయం హెల్పర్ల గురించి. నిచ్చెన మీదినుంచి మన హెల్పర్ పడితే ఈ పాలసీ పలకదు, దానికి వర్క్‌కవర్ (పనివాళ్ళకు దెబ్బ తగిలితే పనికొచ్చే ఇన్సూరెన్స్) ఉండాలి. విక్టోరియాలో ఏడాదికి 7,500 డాలర్లకు మించి జీతాలు ఇస్తే అది తప్పనిసరి. మనమే పడితే? సోల్ ట్రేడర్‌కు, అంటే సొంత పేరు మీద ఒక్కడే వ్యాపారం చేసేవాడికి, ఈ రెండూ రావు. ప్రమాదానికో, ఆదాయానికో మన పేరు మీద వేరే పాలసీ తీసుకోవాలి. ఇంట్లో ఒక్కడి సంపాదన మీదే బతికే కుటుంబాలకు ఈ మాట పదే పదే చెప్తుంటాను. అలాగే మనం వేసిన పెయింట్ పెచ్చులూడితే మళ్ళీ వేసే ఖర్చు కూడా ఇందులో రాదు, చేసిన పని బాగుచేసుకోవాల్సింది మనమే.

గుంటూరులో మా ఇంటికి సున్నం వేసిన మేస్త్రీకి ఇలాంటిదేమీ లేదు. ఏదైనా పగిలితే పెద్దమనుషుల మాటతో తేలిపోయేది. భారతదేశంలో 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది గానీ, అది భోపాల్ తర్వాత ప్రమాదకర రసాయనాలతో పనిచేసే సంస్థల కోసం తెచ్చింది. చిన్న పనివాడికి దాంతో సంబంధం లేదు. అందుకే ఇక్కడికి వచ్చిన కొత్తలో మనకు ఇదంతా కొత్తగా ఉంటుంది.

వ్యాపారం కోసం తీసుకునే పాలసీలో మనకు తెలిసిన ముఖ్య విషయాలన్నీ ముందే చెప్పే బాధ్యత మనదే, 1984 నాటి ఇన్సూరెన్స్ కాంట్రాక్ట్స్ చట్టం అలా చెప్తుంది. కొత్త పని మొదలుపెడితే రెన్యువల్ దాకా ఆగకుండా వెంటనే రాయించాలి. కంపెనీ అన్యాయంగా కాదన్నదనిపిస్తే 2018 నుంచి పనిచేస్తున్న అఫ్కాను (బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు చూసే సంస్థ) అడిగి చూడొచ్చు, ఫీజు లేదు. వంద మంది లోపు ఉద్యోగులున్న చిన్న వ్యాపారాల ఫిర్యాదులు కూడా వాళ్ళు తీసుకుంటారు గానీ, పబ్లిక్ లయబిలిటీ పాలసీ మీద ఫిర్యాదు తీసుకోకపోవచ్చు, ముందే కనుక్కోవాలి. ఖమ్మం తమ్ముడి విషయంలో పనే పాలసీ బయటిది కాబట్టి అక్కడా పెద్దగా ఆశ లేకపోయింది.

పాత షెడ్యూళ్ళు పారెయ్యొద్దు. ఈ పాలసీలు సాధారణంగా సంఘటన జరిగిన రోజున అమల్లో ఉన్నదాన్నే చూస్తాయి, క్లెయిమ్ ఎప్పుడొచ్చినా సరే. దెబ్బ తగిలినవాళ్ళు ఏళ్ళ తర్వాత కూడా లాయర్ లెటర్ పంపొచ్చు. వ్యాపారం మూసేసినవాళ్ళకూ, ఇండియా వెళ్ళిపోయినవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. ప్రతి ఏడాది షెడ్యూల్‌నూ, ఆ ఏడాది ఇన్‌వాయిస్‌లనూ కంప్యూటర్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని, ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.