లంగరు ఇరుక్కున్న పూట

గ్రీసులోని ఫిస్కార్దో రేవులో ఆ పొద్దున మా పడవ లంగరు పైకి రాలేదు. మోటారు మూలుగుతోంది, గొలుసు బిగుసుకుపోయింది, పడవ ముక్కు నీళ్ళ మీదికి వంగుతోంది. వెనక చుక్కాని దగ్గర నుంచి మా ఆయన "ఇంకొంచెం లాగు, ఇంకొంచెం" అని అరుస్తున్నారు. ముప్పై ఏళ్ళు ఓడల్లో ఇంజనీరుగా చేసిన మనిషి. ఆయన గొంతులో టెన్షన్ వినడం నాకదే మొదటిసారి.

అక్కడి అయోనియన్ దీవుల రేవుల్లో జాగా తక్కువ. అందుకని పడవని పక్కవాటుగా కట్టనివ్వరు. దూరంగా లంగరు వేసి, గొలుసు వదులుతూ వెనక్కి నడుపుకొచ్చి, వెనక భాగాన్ని గట్టుకి కట్టుకోవాలి. పొద్దున గాలే ఉండదు. మధ్యాహ్నం వాయవ్యం నుంచి గాలి లేచి, సాయంత్రమయ్యేసరికి అందరూ ఒక్కసారే రేవులోకి దూరతారు. ఒకరి గొలుసు మీద ఒకరి గొలుసు. ఆ రాత్రి ఎవరిదో మా లంగరు మీద పడింది.

పక్క పడవలో డెబ్బై దాటిన ఫ్రెంచావిడ ఉంది. మా అవస్థ చూసి, రబ్బరు పడవలో తెడ్డు వేసుకుంటూ వచ్చింది. మేం పైకి లాగగలిగినంత లాగితే, మా లంగరు కొక్కేనికి వేలాడుతూ వేరే గొలుసు కనిపించింది, పాచి పట్టి నల్లగా. ఆవిడ ఒక తాడు అడిగి, ఆ గొలుసు కింద నుంచి దూర్చి, రెండు కొసలూ నా చేతికిచ్చి కట్టేయమంది. ఇప్పుడు లంగరు దించమని సైగ చేసింది. దించగానే బరువంతా తాడు మీదికి వెళ్ళిపోయి, కొక్కెం ఖాళీ అయింది. పడవ కొంచెం వెనక్కి జరిగాక తాడు ఒక కొస వదిలాను. గొలుసు గలగలమంటూ మునిగిపోయింది. పది నిమిషాల పని! నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఫిస్కార్దో ఉన్నది కెఫలోనియా దీవిలో. 1953 భూకంపంలో ఆ దీవి దాదాపు మొత్తం కూలిపోయినా, ఈ ఊరు మాత్రం నిలబడింది. ఆ పాత ఇళ్ళు చూడాలని ఎంతో అనుకున్నాను. ఆ రోజు ఇక మనసే రాలేదు.

మిగతా సీజన్ ఇట్టే అయిపోయింది. ఇథాకా, పాక్సోస్, మళ్ళీ లెఫ్కాదా. రేవుకి డబ్బులు, నీళ్ళకి డబ్బులు, కాఫీ నాలుగు యూరోలు, అంటే మన నాలుగొందలు. ఆవకాయ రెండో నెలకే అడుగంటింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది వీసా. 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి. సెప్టెంబరులో ఎండ తగ్గి, నీళ్ళు ఇంకా వెచ్చగా ఉండి, రేవులు ఖాళీ అయ్యే వేళకి మేం పెట్టె సర్దుకోవాలి. ప్రెవెజా ఎదురుగా అక్తియోలో పడవని బెల్టులు వేసి పైకెత్తారు. అడుగంతా పట్టిన గుల్లలు, పాచి కడిగించి, దిమ్మెల మీద నిలబెట్టి, తాళం వేసి వచ్చేశాం. తిరిగి తిరిగి చూసుకుంటూనే వచ్చాను.

ఏథెన్స్ బస్సు రియో వంతెన దాటింది. 2004 ఒలింపిక్స్‌కి తెరిచిన వంతెన, 2,880 మీటర్లు. అందరూ ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు. నాకు మాత్రం మన గోదావరే గుర్తొచ్చింది. దోహా మీదుగా హైదరాబాదు చేరి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అర్ధరాత్రి దాటాక రాజమండ్రి వంతెన మీద చప్పుడు మారగానే మెలకువొచ్చింది. కింద బెర్తు పెద్దావిడ చీకట్లో తలుపు దాకా వెళ్ళి రూపాయి బిళ్ళ విసిరి, దణ్ణం పెట్టుకుని వచ్చి పడుకుంది. ఇంటికి వచ్చేశామనిపించింది.

మూడో రోజు పొద్దున్నే విశాఖలో మత్స్యకారుల పెద జాలారిపేట ఒడ్డుకి నడిచాం. గ్రీసులో సూర్యుడు సముద్రంలో దిగడం చూసి చూసి, ఇక్కడ పైకొస్తుంటే కొత్తగా ఉంది. రేవూ లేదు, గట్టూ లేదు. ఎనిమిది మంది భుజాలు ఆనించి, అల వెనక్కి పోయే సందు చూసి పడవని తోసేస్తున్నారు. ఇసుకలో ఒక లంగరు కనిపించింది. నాలుగు ఇనుప ఊచలు కలిపి కట్టి, కొసలు వంచారు, అంతే.

"ఇది రాళ్ళలో ఇరుక్కుంటే ఎలా తమ్ముడూ?" అని మా ఆయన అడిగారు.

వల సర్దుకుంటున్న కుర్రాడు తలెత్తాడు. "ఏటవుద్ది బాబూ? గట్టిగా లాగితే ఊస సాపయిపోయి వచ్చేత్తాది. ఇంటికొచ్చి సుత్తితో మళ్ళీ వంచుకుంతాం."

మా ఆయన ఇసుకలో గొంతుక్కూర్చుని, ఆ ఊచ మందం వేళ్ళతో కొలుస్తూ, ఇలాంటిది ఎక్కడ చేయిస్తారని అడుగుతున్నారు.