సీపీసీ పాసయ్యాను, మోచేయి దగ్గర మీరు మార్కులు పోగొట్టుకోకండి

డాక్టర్ల రికార్డులకు కోడ్లు వేసే మెడికల్ కోడింగ్ పరీక్ష సీపీసీ రిజల్ట్ వచ్చేసింది, పాస్. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం అన్నది మీకు తెలిసిందే కాబట్టి సిలబస్ జోలికి పోను. కర్నూలు, కడపల్లో రూములు తీసుకుని చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు తికమకపడే మోచేయి ఫ్రాక్చర్ల గురించే రాస్తాను. మొదటి అటెంప్టు పోయింది ఇలాంటి చోట్లే. చదవక కాదు, డాక్టర్ నోట్‌లో లేనిది ఊహించుకోవడం వల్ల.

రిపోర్టులో ఉత్త ‘ఎల్బో ఫ్రాక్చర్’ అని ఉంటే చెయ్యి దానంతటదే ఎస్52 (జబ్బులు, గాయాల కోడ్ల పుస్తకం ఐసీడీ-10-సీఎంలో ముంజేయి ఫ్రాక్చర్లు) వైపు పోతుంది. పోనివ్వకండి. అది ఎస్42.40, అంటే హ్యూమరస్ (పై చేతి ఎముక) కింది కొన. ఎస్52.0 కింద ఎక్స్‌క్లూడ్స్ నోట్ (ఈ కోడ్‌లోకి రానివేవో చెప్పేది) చూస్తే అక్కడే ఉంది. ముంజేతిలో రెండు ఎముకలు: చిటికెన వేలి వైపు అల్నా, బొటనవేలి వైపు రేడియస్. అల్నా పై కొన ఎస్52.0, రేడియస్ పై కొన ఎస్52.1. ఒలెక్రానాన్ (మోచేతి వెనక పొడుచుకొచ్చే అల్నా కొన) అయితే విరుగు కీలు లోపలికి పోయిందా చూడాలి: పోకపోతే ఎస్52.02, పోతే ఎస్52.03. రేడియల్ హెడ్ ఎస్52.12, నెక్ ఎస్52.13. మాంటెజియా అనే ఫ్రాక్చర్‌లో రేడియల్ హెడ్ జారినా విరిగింది అల్నా షాఫ్ట్ (నడిమి భాగం), అందుకే ఎస్52.27.

డిస్‌ప్లేస్డో (ముక్కలు పక్కకు జరిగాయో) కాదో రాయకపోతే డిస్‌ప్లేస్డ్. ఓపెనో (చర్మం చీలి గాయమైందో) క్లోజ్డో రాయకపోతే క్లోజ్డ్. ‘కుడి రేడియల్ హెడ్ ఫ్రాక్చర్, ఎమర్జెన్సీలో స్ప్లింట్ వేశారు’ అంటే కళ్లు మూసుకుని ఎస్52.121ఏ. కుడి, ఎడమలకు మాత్రం ఇలాంటి డిఫాల్ట్ లేదు. ఉద్యోగంలో అయితే డాక్టర్‌కు క్వెరీ పెట్టాల్సిందే.

కోడ్ చివరి ఏడో అక్షరమే అసలు గుదిబండ. ఎస్52లో ఓపెన్ అని మాత్రమే ఉన్నా, ‘గస్టిలో’ (ఓపెన్ ఫ్రాక్చర్ తీవ్రత కొలిచే పద్ధతి) టైప్ 1, 2 అయినా బి. టైప్ 3 అయితే సి. ఎస్42లో మాత్రం సి లేదు, ఓపెన్ ఏదైనా బి. టోరస్ ఫ్రాక్చర్‌కు (ఎముక పూర్తిగా విరగకుండా ఉబ్బడం) ఈ రెండూ ఉండవు. ఇక ఏ (చికిత్స జరుగుతున్న దశ), డి (మానుతున్న దశ) గొడవ: ‘రెండోసారి వచ్చాడు కాబట్టి డి’ అనుకోవడం పెద్ద పొరపాటు. డాక్టరు కొత్తా పాతా అన్నది లెక్క కాదు, యాక్టివ్ ట్రీట్‌మెంట్ జరుగుతోందా అన్నదే లెక్క. సర్జరీ ఇప్పుడే జరిగినా యాక్టివ్ ట్రీట్‌మెంటే, ఏ. సిమెంటు కట్టు మార్చడం, విప్పడం లాంటివి డి. మన వైపు చెయ్యి విరిగితే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. అది నమ్ముకుని మూడు వారాలకు ఆసుపత్రికి వచ్చినా, ఆలస్యమైనంత మాత్రాన డి కాదు. మాన్పు దశలో జెడ్ ఆఫ్టర్‌కేర్ కోడ్ (చికిత్స తర్వాతి సంరక్షణకు జెడ్‌తో మొదలయ్యే కోడ్) వేయకండి, ఆ పని ఏడో అక్షరమే చేస్తుంది.

ఐసీడీలో గాయాల మీద ఉన్న 19వ చాప్టర్ గైడ్‌లైన్స్ రోజూ ఒక పేజీ చదవలేనివాళ్లు టెస్ట్ సిరీస్‌లు ఎన్ని కొన్నా దండగే. కోపం తెచ్చుకోకండి, ఇది నాకు నేను చెప్పుకున్న మాట.

సీపీటీ (డాక్టర్ చేసిన చికిత్సకు వేసే కోడ్లు) తేలిక. రేడియల్ హెడ్, నెక్‌లకు సరిచేయకుండా 24650, సరిచేస్తే 24655, కోసి చేస్తే (ఓపెన్ ట్రీట్‌మెంట్) 24665. హెడ్ తీసేసినా అదే కోడ్, ప్రోస్థెసిస్ (కృత్రిమ భాగం) పెడితే 24666. ఒలెక్రానాన్, కొరొనాయిడ్‌లకు (ఇదీ అల్నా పై కొనలో భాగమే) వరసగా 24670, 24675, 24685. మొదటి కట్టు వీటిలోనే కలిసిపోతుంది, విడిగా బిల్లు చేస్తే తప్పు.

ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉన్న అవ్వ ఇంట్లో చిన్నగా జారిపడి ముంజేయి విరగ్గొట్టుకుందని కేసు ఇస్తే ఎస్52 ముట్టుకోకండి, ఎం80.03కి పోండి.