సగం ఫోనుకే ఇంత నవ్వా!

రికార్డు మీద సూది పెట్టగానే చిటపట. తర్వాత ఒకాయన ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతలి గొంతు వినపడదు. జనం మాత్రం పడీపడీ నవ్వుతున్నారు.

అమెరికన్ కమెడియన్ బాబ్ న్యూహార్ట్ ఎల్పీ రికార్డు, 1960 నాటిది. సత్యనారాయణపురంలో బాబాయి వాళ్ల అటక మీద పాత పంచాంగాల కింద దొరికింది. ఒకచోట గీత పడి అదే నవ్వు మూడుసార్లు వచ్చింది. నాకా గీతే ఇంకా నచ్చింది.

ఒకప్పుడు లెక్కలు రాసుకున్న అకౌంటెంటు, మొదటి రికార్డుకే అమెరికా సంగీత అవార్డులైన గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టేశాడు. పోటీలో పెద్ద గాయకుడు ఫ్రాంక్ సినాత్రా కూడా ఉన్నాడండోయ్!

ఇప్పుడు రీల్స్‌లో ఒక్కడే ఫోను పట్టుకుని చేసే కామెడీ చూస్తే ఈయనే గుర్తొస్తాడిక.

వంటింట్లోంచి అమ్మ: "ఎవర్రా ఫోన్లో? ఆ స్పీకర్ తీసేసి మాట్లాడు!"

బాబాయి నవ్వాపుకోలేక సూది ఎత్తేశాడు.