క్యాన్సర్ కాదన్నారు, మరి నొప్పి?

పదో తరగతి నుంచీ నెలసరి వచ్చిందంటే నేను మంచం పట్టాల్సిందే. పెళ్లయితే సర్దుకుంటుందన్నారు. పెళ్లయ్యాక, ఒక కాన్పు అయితే పోతుందన్నారు. ఆ రోజుల్లో మలవిసర్జనకు వెళ్లినా ప్రాణం పోయేది. ఆ మాట ఎవరితో చెప్పుకోను? మొదట చూసిన డాక్టరు నొప్పి మాత్రలు రాసి పంపించేశారు.

ముప్పై దాటాక తీయించిన స్కానింగ్‌లో ఎడమ అండాశయంలో 7 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్టు, అంటే పాత రక్తం నిండిన తిత్తి, కనబడింది. రక్తపరీక్షలో సీఏ-125 అనే ప్రొటీన్ సాధారణంగా 35 లోపు ఉండాలి, నాకు 140 దాటింది. అది క్యాన్సర్ అనుమానంతో చేసే పరీక్ష అని తెలియగానే, అన్నేళ్లూ నా నొప్పిని పట్టించుకోని ఇల్లు ఇల్లంతా కదిలింది.

కొత్త గైనకాలజిస్టు నిదానంగా చెప్పారు. “గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం బయట పెరిగే జబ్బు, ఎండోమెట్రియోసిస్‌లోనూ ఇది పెరుగుతుందమ్మా, నెలసరి రోజుల్లోనూ పెరుగుతుంది. ఈ ఒక్క అంకె చూసి క్యాన్సర్ అనలేం.” ఎంఆర్‌ఐలో సిస్టు లోపల గట్టి భాగాలేవీ కనబడలేదు. ల్యాపరోస్కోపీతో, అంటే చిన్న కోతల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్‌తో, సిస్టును తీసేశారు. ఆ కణజాలమే బయట పెరిగి, అండాశయాన్ని పేగుకు అతికించేసిందట. వీడియో చూపించారు: సిస్టు కోయగానే ముదురు గోధుమరంగులో చిక్కటి పాత రక్తం బయటికొచ్చింది.

బయాప్సీలో క్యాన్సర్ లేదు. అత్తయ్య చుట్టాలందరికీ ఫోన్లు చేసి ‘ఏమీ లేదట’ అని సంతోషంగా చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. పేగుకు అతుక్కున్న అండాశయం ఏమీ కాదా?

భయం మాత్రం వెంటనే వదల్లేదు. అమెరికాలోని యూటా రాష్ట్ర మహిళలపై 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఎండోమెట్రియోసిస్ ఉన్నవారికి అండాశయ క్యాన్సర్ ముప్పు సుమారు నాలుగు రెట్లు. నాలాంటి సిస్టు గానీ, లోతుగా పాకిన వ్యాధి గానీ ఉంటే దాదాపు పది రెట్లు. చదివి వణికిపోయాను. డాక్టరు అదే అధ్యయనంలోని మరో లెక్క చూపించారు: 10,000 మందిలో అదనంగా క్యాన్సర్ వచ్చేది సుమారు పదిమందికి. అసలే అరుదైన జబ్బు కాబట్టి, పెరిగాక కూడా ముప్పు తక్కువేనన్నమాట. క్యాన్సర్ భయంతోనే అండాశయాలు తీయించుకోవాల్సిన అవసరం నాకు లేదన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఇప్పుడు రోజూ డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర వేసుకుంటున్నాను. మొదట్లో అప్పుడప్పుడూ కొద్దిగా రక్తం కనిపించేది, మనసు దిగులుగా ఉండేది. నొప్పి మాత్రం చాలావరకు తగ్గింది. ఎప్పుడైనా కడుపు ఉబ్బరం వచ్చి తగ్గకపోయినా, కొంచెం తినగానే నిండిపోయినట్టు ఉంటున్నా, అవి అండాశయ క్యాన్సర్ సూచనలు కావచ్చు కాబట్టి వెంటనే రమ్మన్నారు.

ఈమధ్య మా ఆడపడుచు కూతురు నెలసరి వస్తే కాలేజీ మానేస్తోందని తెలిసింది. ఓర్చుకోమని అత్తయ్య అనబోతుంటే ఆపి, నేనే ఆ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను.