డాలస్ చలిలో మా పులికంప

లాంటానా మొక్క కొన్న రోజు అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. "ఏంట్రా, పులికంపని డబ్బులిచ్చి కొన్నావా?" అని ఒకటే నవ్వు. మా ఊళ్లో చెరువుగట్టు నిండా అదే. ఎవరూ నీళ్లు పోయరు, పశువులు మూతి పెట్టవు, ఏడాది పొడుగునా పూస్తుంది. దాన్ని కాపాడుకోవడం కూడా ఒక పనా అనుకున్నాను. డాలస్ చలి సంగతి అప్పటికి నాకు తెలీదు.

మొదటి ఏడాది నవంబర్‌లో, చలి వచ్చేలోపు నీటుగా ఉంచుదామని మొక్కని నేలకి నాలుగంగుళాలు వదిలి కోసేశాను. చేతులకి గ్లౌజులు లేవు. గరుకాకులు గీరుకుని రెండ్రోజులు మోచేతుల దాకా ఒకటే దురద. ఏప్రిల్ అంతా చూశాను, చిగురు లేదు. తవ్వితే మొదలు నల్లగా, మెత్తగా కుళ్లిపోయి ఉంది. నర్సరీలో పనిచేసే ఒక పెద్దావిడ కారణం చెప్పింది: చలికి ముందు కోస్తే, కోసిన కాడల్లోంచి వాన నీళ్లు మొదట్లోకి దిగుతాయి. ఆ తడి మీద ఫ్రీజ్, అంటే నీళ్లు గడ్డకట్టే చలి, పడితే ఇక అంతే. ఎండిన కొమ్మలే దానికి దుప్పటి అంది.

అదే చోట లాంటానాలోనే న్యూ గోల్డ్ అనే రకం పెట్టాను, పసుపు పూలది. ఆ నవంబర్ చివర్లో ఒక్క రాత్రి ఫ్రీజ్‌కి ఆకులన్నీ మాడినట్టు నల్లబడ్డాయి. కత్తెర తీయలేదు. ఇంటి ముందు దిష్టిబొమ్మలా ఏంటిది అని మా ఆవిడ గొడవ. విననట్టే ఉండి, మొదట్లో రాలిన ఓక్ ఆకులూ బెరడు ముక్కలూ జానెడు మందాన పోశాను. గట్టి ఫ్రీజ్ వస్తుందంటే ముందురోజు నీళ్లు పెట్టేవాణ్ణి. ఎండిన మట్టి కంటే తడి మట్టి నెమ్మదిగా చల్లబడుతుంది.

కుండీలో ఉన్న ఇంకో లాంటానాతో మాత్రం ఇది కుదరదు. కుండీ మట్టి నాలుగు వైపులా గడ్డకడుతుంది కాబట్టి దాన్ని గరాజ్‌లో పెట్టాల్సిందే. అక్టోబర్ చివర్లో సగానికి కత్తిరించాను. కాయలన్నీ ఏరి పారేశాను. పచ్చి కాయలు విషం, మావాడికి రెండేళ్లు, దొరికిందల్లా నోట్లోకే. ఆకుల వెనక తెల్లదోమ కనిపిస్తే వేపనూనెలో కాస్త సబ్బు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టాను. లోపలికి చేరాక మూడు వారాలకోసారి గ్లాసుడు నీళ్లు. డిసెంబర్‌కి ఆకులన్నీ రాలి మోడు మిగిలేసరికి టెన్షన్ పట్టుకుంది. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా ఉంది. ఆ తర్వాత వారానికోసారి గీకి చూడటం అలవాటైపోయింది. పాపం, దాని ఒంటి నిండా నా గోటి గాట్లే.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు వెచ్చగా ఉంటే చేయి దురద పెడుతుంది, కోసేద్దామని. ఇక్కడ చివరి ఫ్రీజ్ మామూలుగా మార్చి మధ్య దాకా ఉంటుంది కాబట్టి అప్పటిదాకా ఆగాను. తర్వాత అరడుగు వదిలి అంతా కోసేశాను. పూసేది కొత్త కొమ్మకే, పాతవాటి మీద జాలి అక్కర్లేదు. నెల దాటినా నేల మీది మొక్కలో చలనం లేదు. నర్సరీకి వెళ్లి కొత్తది ట్రాలీలో పెట్టి, ఎందుకో మళ్లీ దించేసి వచ్చాను. ఆ వారంలోనే, కోసిన మోడు నుంచి కాదు, దాని పక్కన మట్టిలోంచి వేలెడంత చిగురు లేచింది.

కుండీ మొక్కని ఆ సంబరంలో గరాజ్ నుంచి నేరుగా ఎండలో పెట్టేశాను. లేతాకులు రెండ్రోజుల్లో తెల్లగా కాలిపోయాయి. మళ్లీ నీడకి లాగి, రోజుకో గంట ఎండ పెంచుకుంటూ పోతే రెండు వారాలకి కోలుకుంది. మే నెలకి రెండూ పూశాయి. కుండీ మొక్కలో వాడిన గుత్తుల్ని కాయ కట్టకముందే సాయంత్రం పూట గిల్లేస్తున్నాను, ఈసారి గ్లౌజులతో.